సూరిబాబు మొహం కోసం రెండు కెమెరాలు

ఒక కెమెరా కొనడానికి పద్నాలుగు నెలలు ఆలోచించిన మనిషిని నేను. పాతదైనా సరే పెద్ద డీఎస్‌ఎల్‌ఆర్ కొనాలా, దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగే, జేబులో పట్టే సూపర్‌జూమ్ కొనాలా అన్నదే ఆ ఆలోచన. స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్పి ఇంటికొచ్చి, టీ పెట్టుకుని, ఎవరో ఒకరి వీడియో చూసేదాన్ని. ఒకాయన "లోపల వెలుతురు పట్టే సెన్సారు పెద్దదైతేనే ఫోటో" అనేవాడు. సరే అనుకుని పడుకుంటే, మర్నాడు ఇంకొకాయన "దూరంగా ఉన్నది అందనప్పుడు ఎంత సెన్సారుంటే ఏం లాభం" అనేవాడు. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించేది. మా వారైతే కెమెరా పేరెత్తగానే లేచి బాల్కనీలోకి వెళ్ళిపోవడం అలవాటు చేసుకున్నారు.

ఇంత తాపత్రయం ఎందుకంటే, ఒకరికి మాటిచ్చాను. కొత్తపేట దగ్గర పల్లెలో మా పెద్దమ్మ కూతురు భానక్క ఉంటుంది. కిందటేడు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తోటలో కొబ్బరి దింపు జరుగుతోంది. నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి చెట్లెక్కి కాయలు కోసి దించుతారు, దాన్నే దింపు అంటారు. ఎక్కేది సూరిబాబు. కింద పడ్డ కాయలు ఏరి రాశి పోసేది ఆయన భార్య వీరవేణి. నేను చెట్టు కింద నిలబడి ఫోన్‌తో ఓ పాతిక ఫోటోలు తీసి ఆవిడకి చూపించాను. పాతికలోనూ రెండు అరికాళ్ళు, వాటి పైన కాస్త ఆకాశం. వీరవేణి ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి పకపకా నవ్వింది.

"ముప్పై ఏళ్ళ నుంచీ నేనూ ఇయ్యే చూత్తన్నానండి. పైనెక్కేక ఈయన మొగం ఎలాగుంటదో ఆ దేవుడికే ఎరక."

"మంచి కెమెరా కొని, ఆ మొహం తీసి చూపిస్తాను" అన్నాను. నిజంగానే అన్నాను. తరవాత వీడియోలు చూస్తూ కూర్చున్నాను.

మొన్న బుధవారం భానక్క ఫోన్ చేసింది. "శారదా, సూరిబాబు మోకాలు అరిగిపోయిందటే. ఇంక చెట్టెక్కద్దని డాక్టరు గట్టిగా చెప్పేడు. ఆదివారం మన తోటే ఆఖరు. నీ కెమెరా వచ్చిందా?"

రాలేదని చెప్పలేక, "ఆదివారానికి తెస్తాను" అన్నాను. ఆ సాయంత్రమే పాత సామాన్లు అమ్మే యాప్ తెరిచి, ఊరి పేరు అడిగిన చోట కోనసీమ అని కొట్టాను. అదృష్టం చూడండి, రెండూ అక్కడే ఉన్నాయి. రాజోల్లో ఒకాయన దగ్గర కాంపాక్ట్ సూపర్‌జూమ్, అమలాపురంలో ఒక పెళ్ళిళ్ళ స్టూడియోలో పాత డీఎస్‌ఎల్‌ఆర్. ధర ఇంచుమించు ఒకటే. రెండూ కొనేంత డబ్బు నాకు లేదు, రెండూ కొంటే భరించే ఓపిక మా వారికి లేదు. ఇద్దరికీ ఫోన్ చేసి ఒక్కరోజు వాడి చూస్తానన్నాను. రాజోలు ఆయన పేరు సత్యం గారు. "దానికేముందండి, నచ్చకపోతే రావులపాలెం బస్టాండు పక్కన మా బావమరిది శ్రీను జిరాక్స్ కొట్లో ఇచ్చేసి ఎల్లిపోండి" అన్నారు. అమలాపురం స్టూడియో రాంబాబు గారికి ఆ సంగతి చెబితే, "శ్రీను కొట్టాండి? నాకూ తెలుసండి, అక్కడే పెట్టేయండి" అన్నారు. ముక్కూ మొహం తెలియనిదాన్ని, ఇంతలా నమ్మేశారు. ఫోన్ పెట్టేసి, ఎవరూ లేని వంటింట్లో చప్పట్లు కొట్టుకున్నాను.

శుక్రవారం రాత్రి సికింద్రాబాదులో నర్సాపురం రైలెక్కాను. శనివారం పొద్దున్న పాలకొల్లు దాటేసరికి మెలకువ వచ్చింది. కిటికీ బయట వరి, వరి వెనక కొబ్బరి, కొబ్బరి వెనక మంచు. ఎనిమిది కావస్తుండగా నర్సాపురంలో దిగాను. వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళవచ్చు, కాని నాకు పంటు మీద గోదావరి దాటాలని ఉంది. స్టేషన్ నుంచి మాధవాయిపాలెం రేవుకి ఆటోలో పావుగంట. రేవు దగ్గర ఇడ్లీ బండి ఉంది. మూడిడ్లీ, అల్లప్పచ్చడి. వేడిగా ఉన్నాయి, మీరు వెళ్తే మాత్రం వదలకండి.

పంటు అంటే మోటారు కట్టిన పెద్ద బల్లకట్టు. మోటారు సైకిళ్ళు, రెండు కార్లు, ఒక గడ్డి ట్రాక్టరు, మేమూ ఎక్కాం. మనిషికి ఇరవై రూపాయలు తీసుకున్నారు. నా పక్కన ఖాళీ చేపల బుట్టతో ఒక పెద్దావిడ కూర్చుంది. అంతర్వేది నుంచి చేపలు తెచ్చి నర్సాపురంలో అమ్మి తిరిగి వెళ్తోందట.

"అంతర్వేది దర్శనానికాండి?" అని అడిగింది.

"కాదమ్మా, రాజోల్లో కెమెరా తీసుకోవాలి."

"కెమెరా కోసం ఏరు దాటేరా?"

"ఒకరి ఫోటో తీస్తానని మాటిచ్చానండి."

"ఆయ్" అంది. ఆ ఆయ్‌లో నమ్మిందో, పిచ్చిదాన్నని తేల్చేసిందో తెలియలేదు. బుట్ట మాత్రం కాస్త అటు జరిపి నాకు చోటిచ్చింది.

సఖినేటిపల్లి రేవులో దిగి, మలికిపురం మీదుగా షేరాటోలో రాజోలు చేరేసరికి పదింబావు. సత్యం గారు పన్నెండేళ్ళు కువైట్లో డ్రైవరుగా చేసి వచ్చి, ఇప్పుడు రెండెకరాల కొబ్బరి చూసుకుంటున్నారు. ఇంటికి వెళ్ళగానే కుర్చీ, మంచినీళ్ళు, కాఫీ, ఆ తరవాతే కెమెరా. అరచేతిలో ఇమిడిపోయింది. నలభై రెట్ల జూమ్. బటన్ నొక్కితే ముక్కు ముందుకు సాగుతూ పోయింది.

"ఎందుకు అమ్మేస్తున్నారండి? కొత్తదానిలా ఉంది" అన్నాను.

"కొట్టువాడు చంద్రుడి ఫోటో చూపించేడండి. అందులో గుంటలు కూడా కనపడతన్నాయి. ముచ్చటపడి కొనేసేను. ఇంటికొచ్చి రెండుసార్లు తీసేనండి. ఆ తరవాత చంద్రుడేమీ మారలేదండి, మళ్ళీ తియ్యడానికి."

నవ్వాపుకోలేకపోయాను. ఆయన కూడా నవ్వి, చార్జరు ఒక సంచిలో, నాలుగు కొబ్బరి బొండాలు ఇంకో సంచిలో పెట్టి ఇచ్చారు. బొండాలు మోయలేనని బతిమాలితే రెండు తీసేశారు.

పదకొండున్నరకి రాజోల్లో అమలాపురం బస్సెక్కాను. ఆంధ్రలో ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా అని హుందాగా ఆధార్ తీసి చూపించాను. కండక్టరు చూసి, "హైదరాబాద్ కార్డండి, టికెట్టు కొట్టాలండి" అన్నాడు, తనే తప్పు చేసినట్టు ఎంతో మర్యాదగా. బయటి రాష్ట్రాల నుంచి వచ్చే అక్కచెల్లెళ్ళు ఈ విషయం గుర్తుంచుకోండి.

తాటిపాక దగ్గర దూరంగా గ్యాసు మంట కనిపించింది. కొత్త కెమెరా చేతిలో ఉంటే ఊరుకోగలనా, కిటికీలోంచి జూమ్ చేయబోయాను. గ్యాసు ప్లాంటువాళ్ళ నారింజ రంగు డాంగ్రీలో ఉన్న ముందు సీటతను వెనక్కి తిరిగి మెల్లిగా అన్నాడు. "అది తియ్యకండి మేడం, మా సెక్యూరిటీవాళ్ళు ఊరుకోరు. అదిగో, కాలవ మీద తీగ చూడండి, లకుముకి పిట్ట." చూశాను. ఎక్కడో ఉన్న పిట్ట ఒక్కసారిగా తెర నిండా వచ్చి కూర్చుంది. దాని ముక్కులో ఉన్న చేపపిల్ల తోక కూడా కనిపించింది. బస్సులో అందరూ వింటారన్న ధ్యాస లేకుండా "అబ్బ!" అని అరిచాను. అప్పటికప్పుడే దీన్నే కొనేద్దామని నిశ్చయించేసుకున్నాను.

ఆ నిశ్చయం గంటా పది నిమిషాలు నిలిచింది. అమలాపురంలో స్టూడియో మేడ మీద రాంబాబు గారు తన డీఎస్‌ఎల్‌ఆర్ తెచ్చి నా చేతిలో పెట్టారు. బరువుగా, పట్టుగా ఉంది. పట్టుకునే చోట రబ్బరు అరిగి నున్నబడింది. రెండు లెన్సులు, ఒకటి దగ్గరికి, ఇంకొకటి కాస్త దూరానికి. ఆ గదిలో వెలుతురు అంతంతమాత్రం. అయినా ఆయన మొహాన్నే ఒక ఫోటో తీసి చూస్తే, కళ్ళలో కిటికీ నీడ కూడా పడింది. అదే గదిలో జేబు కెమెరాతో తీస్తే ఆయన చెంపలు రవ్వ జల్లినట్టు గరుకుగా వచ్చాయి.

"ఆరొందల పెళ్ళిళ్ళు తీసేనండి దీంతో" అన్నారు రాంబాబు గారు. "ఇప్పుడు కొత్తరకం వచ్చేయి కాబట్టి ఇచ్చేత్తన్నాను. ఒక్క మాట చెబుతానండి, ఫోటో అంటే దగ్గరికెళ్ళి తియ్యాలి. జూమ్ అంతా బద్ధకమండి."

నాకు ఆ మాట మహా గొప్పగా అనిపించింది. పుస్తకంలో రాసుకున్నాను కూడా. పెద్ద కెమెరా మెళ్ళో వేసుకుని, పక్క వీధిలో ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసుతో భోజనం చేసి, రెండున్నరకి రావులపాలెం బస్సెక్కాను. అది కొత్తపేట మీదుగానే వెళ్తుంది. దారి పొడవునా ఎవరో ఒకరు మెళ్ళో కెమెరా చూసి పలకరించారు. "ఎవరి పెళ్ళండి?" అని ఒకరు, "టీవీవాళ్ళాండి?" అని ఒకరు. సంచిలో ఉన్న చిన్నదాని గురించి ఒక్కరూ అడగలేదు.

నాలుగింటికి భానక్క ఇంట్లో ఉన్నాను. ఇంటి వెనక తోట, తోట తూర్పున పొలం, పొలం అవతల ఏటిగట్టు, దాని అవతల గౌతమి. సాయంత్రం తోటలో రెండు కెమెరాలతోనూ తీసి చూసుకున్నాను. కొబ్బరి నీడలో చిన్నది తేలిపోయింది. పెద్దది మాత్రం ఆకు ఈనెల్ని ఒక్కొక్కటిగా పట్టేసింది. రేపు పెద్దదే అనుకున్నాను. ఆ పూటే వీరవేణి వచ్చి దాన్ని చూసింది. ముట్టుకోలేదు, చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగి చూసింది.

"ఇంత పెద్ద కెమెరాయాండి మా ఆయనకి?" అంది.

"రేపు ఆయన మొహం చూపిస్తాను నీకు" అన్నాను.

"ఇంకెక్కడు కదండీ. రేపు కాపోతే మరి లేదు."

ఆ మాటతో నాకు కాస్త భయం వేసింది. ఫోటో బాగా రాకపోతే మళ్ళీ తీసుకోవడానికి ఇంకో దింపు లేదు.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి తోటలోకి వెళ్ళేసరికి నా కళ్ళని నేనే నమ్మలేదు. సూరిబాబు తెల్లటి పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ఇస్త్రీ మడత నలగని ప్యాంటుతో, తలకి నూనె రాసి, మొహానికి పౌడరు అద్దుకుని చెట్టు కింద నిలబడి ఉన్నాడు. చేతికి వాచీ కూడా ఉంది. మా బావగారు పట్టు పంచె కట్టి ఆయన పక్కనే నిలబడ్డారు. భానక్క రెండు కుర్చీలు తెప్పించింది. దింపుకి వచ్చిన ఇంకో ఇద్దరు కూలీలు మొహాలు కడుక్కుని వరసలో ఉన్నారు.

"సూరిబాబూ, ఇదేంటండి, ఈ బట్టలతో ఎక్కుతారా?"

"పెద్ద కెమెరా కదండీ, మర్యాదగా ఉండాలి కదండీ" అన్నాడు ఆయన.

ఎంత చెప్పినా వినలేదు. కాళ్ళకి తాడు బందం తగిలించుకుని ఆ ప్యాంటుతోనే ఎక్కడం మొదలుపెట్టాడు. నేను రాంబాబు గారి మాట ప్రకారం చెట్టుకి ఎంత దగ్గరికి వెళ్ళగలనో అంత దగ్గరికి వెళ్ళాను. ఏం వచ్చింది? అరికాళ్ళు. ఈసారి ఎంతో స్పష్టంగా, పగుళ్ళతో సహా. పైగా సూరిబాబు నాలుగు జానలు ఎక్కడం, ఆగడం, కిందికి తిరిగి నవ్వడం. సగం చెట్టు ఎక్కాక, జుట్టు చెదిరిందేమోనని ఒక చెయ్యి వదిలేసి తల సర్దుకున్నాడు. అంతలో ప్యాంటు బిగుసుకుని ఒక కాలు సర్రున జారింది.

"ఓరి దేవుడో!" అని వీరవేణి కేక పెట్టింది. ఆయన ఎలాగో చెట్టుని కరుచుకున్నాడు. నా కెమెరా కోసం ఈ మనిషి ఆఖరి రోజున పడిపోతే నేను ఏ మొహంతో బతకాలి?

"అయిపోయాయి! ఫోటోలు అయిపోయాయి సూరిబాబూ, చాలా బాగా వచ్చాయి, దిగిపోండి!" అని అరిచాను. అందరూ చూస్తుండగా పెద్ద కెమెరాని బ్యాగులో పెట్టి జిప్పు లాగేశాను.

ఆయన దిగి, నిరాశగా చూశాడు. "అప్పుడే అయిపోయేయాండి? చెట్టు పూర్తిగా ఎక్కనేలేదు కదండీ."

"అయిపోయాయండి. మీరింక పని చూసుకోండి" అన్నాను.

ఐదు నిమిషాల్లో తోట మామూలైంది. బావగారు పంచె మార్చుకోవడానికి వెళ్ళిపోయారు. సూరిబాబు పాత లుంగీ ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టి, నడుముకి కత్తి తగిలించుకుని చకచకా ఎక్కేశాడు. ఒక చెట్టు తరవాత ఇంకొకటి. మోకాలి నొప్పి కింద నడిచేటప్పుడే తెలుస్తోంది, చెట్టు మీద కాదు. నేను వరండాలో కూర్చుని టీ తాగుతూ లోపల ఏడుస్తున్నాను. దగ్గరికెళ్తే అరికాళ్ళు, ఇంకా దగ్గరికెళ్తే ఇంకా పెద్ద అరికాళ్ళు.

అప్పుడు తట్టింది. ఇరవై రెండేళ్ళుగా పదో తరగతి పిల్లలకి నేను బోర్డు మీద వేస్తున్న బొమ్మ! ఒక చెట్టు, దానికి ఇంత దూరంలో ఒక మనిషి, మధ్యలో ఊర్ధ్వకోణం. మనిషి దూరం జరిగిన కొద్దీ ఆ కోణం తగ్గుతుంది. చాలా దూరం వెళ్తే చెట్టు చివర ఇంచుమించు మన కళ్ళకి ఎదురుగా వస్తుంది. అన్నేళ్ళు చెప్పిన పాఠం నాకే బుర్రకెక్కలేదన్న మాట. సూరిబాబు మొహం చూడాలంటే చెట్టు దగ్గరికి కాదు, చెట్టు నుంచి దూరంగా, పైగా ఎత్తుగా ఉన్న చోటికి వెళ్ళాలి. ఏటిగట్టు!

టీ గ్లాసు అక్కడే వదిలేశాను. జేబు కెమెరా పట్టుకుని, "ఏరు చూసొస్తానక్కా" అని చెప్పి, పొలం గట్టు మీద పరుగులాంటి నడక నడిచాను. యాభయ్యో పడిలో అలా పరిగెత్తడం ఏడాదికోసారి స్కూల్లో ఆటల పోటీల రోజున కూడా జరగదు. తొమ్మిదిన్నరకి గట్టెక్కాను. ఎండ నా వీపు మీద పడుతోంది, అంటే సూరిబాబు మొహం మీద పడుతుందన్న మాట. పెద్ద కెమెరా లెన్సు అంత దూరం అందుకోలేదు. ఇది అందుకుంటుంది.

జూమ్ సాగదీశాను. కొబ్బరి మట్టలు, గెలలు, ఆ మధ్యలో ఎర్ర తువ్వాలు కనిపించాయి. దొరికాడు! కాని నా చేతులు వణికితే ఆయన తెరలోంచి ఎగిరిపోతున్నాడు. ఇంక లాభం లేదని గట్టు మీద బోర్లా పడుకుని, పెద్ద రాయి మీద నా చున్నీ మడతపెట్టి దాని మీద కెమెరా ఆనించాను. గేదెలు తోలుకెళ్తున్న ఒక పెద్దాయన ఆగాడు.

"ఏవండీ, కళ్ళు తిరిగేయాండి?"

"లేదండి, ఫోటో తీస్తున్నానండి."

"పడుకునాండి?" అని ఆశ్చర్యపోయి, గేదెలు నన్ను తొక్కకుండా కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు.

తోటలో అది ఆఖరి చెట్టు, సరిహద్దున ఉన్న పొడుగాటిది. సూరిబాబు చివరికి చేరి, మట్టల మధ్య సర్దుకుని కూర్చున్నాడు. కత్తి తీశాడు. నేను నొక్కడం మొదలుపెట్టాను. ఒకసారి ఫోకస్ మట్ట మీదికి పోయింది, ఒకసారి వెనక ఆకాశం మీదికి. మళ్ళీ పట్టాను. ఒక్కో గెల కోసేముందు ఆయన కాసేపు ఆగుతున్నాడు, తరవాత కత్తి పడుతోంది. కింద వీరవేణి రాశి దగ్గరికి, మళ్ళీ చెట్టు దగ్గరికి తిరుగుతూనే ఉంది. నలభై ఒక్క ఫోటోలు తీశాను. ఆఖరి గెల దించి, చెట్టు మొవ్వని ఒకసారి చేత్తో తాకి ఆ చెయ్యి కళ్ళకద్దుకుని, ఆయన దిగిపోయాడు. గేదెలాయనకి దండం పెట్టాను. ఎందుకో తెలియకపోయినా ఆయన కూడా పెట్టాడు.

ఇంటికొచ్చి నీడలో చూసుకున్నాక ఉత్సాహం చల్లారిపోయింది. సగం ఫోటోల్లో మట్టలే ఉన్నాయి. మిగతావాటిలో మొహం ఉంది, నిజమే. ముక్కు, మీసం, చెమట అన్నీ ఉన్నాయి, కాస్త గరుకుగా. కాని ఒక్కదాంట్లోనూ ఆయన తలెత్తలేదు. అన్నిట్లోనూ కిందికే చూస్తున్నాడు, ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి, ఒకసారి తిన్నగా కిందికి. ఆఖరి చెట్టు మీద కూర్చుని గోదావరి వైపు చూసే ఒక ఠీవి ఫోటో నా మనసులో ఎప్పుడో తయారైపోయి ఉంది. అది దొరకలేదు. ఇవి వీరవేణికి చూపించాలంటే సిగ్గేసింది. "తరవాత పంపిస్తానులే" అని తప్పించుకున్నాను. ఆవిడ కూడా కాయలు ట్రాక్టరుకి ఎక్కించే పనిలో ఉంది.

మధ్యాహ్నం పన్నెండింటికి సూరిబాబు స్నానం చేసి, పొద్దుటి తెల్లచొక్కా ఉతికి ఆరేసినది మళ్ళీ వేసుకుని వచ్చాడు. ఈసారి వీరవేణి కూడా పక్కన నిలబడింది. వరండా చూరు నీడలో డీఎస్‌ఎల్‌ఆర్‌తో తీశాను. ఇద్దరూ పాస్‌పోర్టుకి దిగినట్టు బిగుసుకున్నారు, అయినా ఏం ఫోటో అది! చీర జరీ పోగులు కూడా లెక్కపెట్టవచ్చు. బావగారు చూసి, "ఇదీ ఫోటో అంటే" అన్నారు. నిజమే అనిపించింది. పెద్దది ఉంచేసుకుని చిన్నది తిరిగి ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నాను. ఇచ్చిన మాట సగమే నిలబెట్టానన్న బాధ మాత్రం మిగిలిపోయింది.

భోజనం చేసి, కొత్తపేటలో మూడింబావు బస్సు పట్టుకున్నాను. బస్సులో కూర్చుని, కార్డు రీడరు ఫోన్‌కి తగిలించి, సిగ్గుపడుతూనే ఆ మొహాలన్నీ భానక్క ఫోన్‌కి పంపేశాను. "బాగా రాలేదు, వీరవేణికి సారీ చెప్పు" అని రాశాను. పక్క సీటావిడ, "ఎవరండీ, తాతయ్యా?" అంది. సూరిబాబుకి యాభై ఐదే. అంటే నా ఫోటోలు అంత గరుకుగా వచ్చాయన్న మాట.

నాలుగింటికి రావులపాలెం. రోడ్డు పొడవునా అరటిగెలల లారీలు. బస్టాండు పక్కన శ్రీను జిరాక్స్ కొట్టు సులువుగానే దొరికింది. నేనెవరో చెప్పకముందే, "కెమెరా మేడమాండి? రండి, కూర్చోండి" అని స్టూలు వేశాడు. కౌంటరు మీద రెండు కెమెరాలూ పక్కపక్కన పెట్టాను.

"ఏది ఉంచేసుకుంటారండి?"

"ఇది ఇచ్చేస్తున్నానండి" అని చిన్నదాన్ని చార్జరుతో సహా ఆయన వైపు జరిపాను. ఆయన దాని మీద అంటించడానికి ఒక కాగితం ముక్క తీసి సత్యం బావ అని రాస్తున్నాడు. అప్పుడే నా ఫోన్ మోగింది. భానక్క నంబరు నుంచి వాయిస్ మెసేజ్. నొక్కాను. కొట్లో అందరికీ వినపడేంత గట్టిగా వీరవేణి గొంతు.

"అమ్మగారూ, వీరవేణినండి. అక్కగారు పెద్దవి చేసి అన్నీ చూపిచ్చేరండి. బాగా రాలేదంటారేంటండి? అన్నిట్లోనూ నన్నే చూత్తన్నాడండి! నేను రాశి కాడికెల్తే రాశి వైపు, బుట్ట కాడికెల్తే బుట్ట వైపు. నేనెక్కడున్నానో చూసుకుని అప్పుడు గెల కొడతన్నాడండి. ఈ ముప్పై ఏళ్ళూ పైనుంచి 'జరుగే, పక్కకి జరుగే' అని కసురుతుంటే, చెట్టెక్కితే ఈయనకి పొగరెక్కుద్దనుకున్నానండి నేను. కింద నుంచి నాకేం కనపడద్ది, అరికాళ్ళే కదండీ." వెనక నుంచి సూరిబాబు గొంతు వినిపించింది. "చూడాలి కదే మరి, గెల నెత్తిన పడితే?" మళ్ళీ వీరవేణి, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో, "అదిగో చూడండి, ఇప్పుడూ కసురుతున్నాడు."

శ్రీను రాయడం ఆపేశాడు. జిరాక్స్ కోసం వచ్చిన ఒకాయన కాగితాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ ఫోటోల్లో ఎడమకీ కుడికీ తిరిగిన చూపుని నేను లోపం అనుకున్నాను. గట్టు మీద పడుకుని, వీరవేణి తిరగడం నా కళ్ళతో చూసి కూడా రెండిటినీ కలుపుకోలేకపోయాను. లెక్కల టీచర్ని!

"శ్రీనుగారూ, ఆ కాగితం మార్చండి" అన్నాను. "ఇచ్చేసేది ఇది కాదు, అది."

ఆయన కాగితం చింపి, ఇంకో ముక్క మీద రాంబాబు గారని రాసి, పెద్ద కెమెరా బ్యాగుకి అంటించాడు. దాంట్లోంచి నా కార్డు తీసుకుని, ఆ నున్నబడ్డ రబ్బరుని ఒకసారి తడిమి వదిలాను. అది మంచి కెమెరా, ఎవరి పెళ్ళికో మళ్ళీ పనికొస్తుంది. సత్యం గారికి ఫోన్‌లో డబ్బు పంపి, కొన్నానని చెప్పాను. "చంద్రుణ్ణి తీసేరాండి?" అని అడిగారాయన.

నాలుగూ ముప్పావుకి రాజమండ్రి బస్సు ఎక్కాను. జొన్నాడ దగ్గర వంతెన మీద గౌతమిని దాటుతుంటే సూర్యుడు నీళ్ళ మీదికి వాలాడు. రాజమండ్రిలో రైలుకి ఇంకా గంట ఉంది. మీలో ఎవరైనా ఈ రెండిట్లో ఏది కొనాలని తికమకపడుతుంటే నేను చెప్పగలిగింది ఇంతే. గదిలో మొహాలు తీసుకునేవాళ్ళు పెద్దది కొనండి, అది మోసం చెయ్యదు. దగ్గరికి వెళ్ళే కొద్దీ కనపడకుండా పోయే మనిషి ఎవరైనా మీ మనసులో ఉంటే మాత్రం చిన్నది కొనండి. వీడియోలు చూస్తూ మాత్రం కూర్చోకండి, ఇంకో ఏడాదికి ఆ మనిషి చెట్టు మీద ఉండకపోవచ్చు.

ప్లాట్‌ఫారం మీద కూర్చుని వీరవేణికి ఫోన్ చేశాను. ఫోటోలు అచ్చు వేయించి పంపుతానని, ఎన్ని కావాలో చెప్పమని అడిగాను.

"తెల్లచొక్కాది పెద్దది వేయించండి, గోడకి. వచ్చేపోయేవాళ్ళు చూడాలి కదండీ" అంది.

"మరి చెట్టు మీదివి? నలభై ఒకటి ఉన్నాయి, మట్టలు తీసేస్తే ఓ ఇరవై. అందులో ఏది?"

"చిన్నది ఒకటి చాలండి, బీరువా తలుపుకి లోపల వైపు అంటించుకుంటాను. ఏదైనా పరవాలేదండి," అని గొంతు తగ్గించింది, సూరిబాబు వినకుండా అనుకుంటాను. "అన్నిట్లోనూ నేనున్నాను కదండీ."